తర్రెం పొలాలకు పరిశోధకుడు, పరిశోధకుడికి మార్గదర్శి
దూరప్రాంతాల యువ వ్యవసాయ శాస్త్రజ్ఞులకు ఆన్‌లైన్ మార్గదర్శనం ఏ మేరకు ఉపయోగపడుతుంది?

తర్రెం పేరు తెలుగు పత్రికల పాఠకులకు కొత్త కాదు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం బస్తర్ ప్రాంతంలోని బిజాపూర్ జిల్లాలో, బాసగూడ నుంచి సిలిగేర్ మీదుగా జగర్‌గుండకు వెళ్లే దారిలో ఉన్న ఈ గ్రామం 2021 ఏప్రిల్‌లో దేశమంతటా వార్తలకెక్కింది. ఆ నెల 3న తర్రెం సమీప అడవుల్లో మావోయిస్టులకు, భద్రతా దళాలకు మధ్య జరిగిన ఎదురుకాల్పుల్లో 22 మంది జవాన్లు మరణించారు. మరుసటి నెలలో పొరుగున ఉన్న సిలిగేర్ వద్ద భద్రతా శిబిరం ఏర్పాటును వ్యతిరేకిస్తూ గ్రామస్థులు ఆందోళనకు దిగారు. మే 17న జరిగిన కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు.

ఈ వార్తల మధ్య మరుగున పడిన సంగతి ఒకటి ఉంది. తర్రెం పరిసర గ్రామాల ప్రజలు మొదట రైతులు. వానకు వరి వేస్తారు, మెట్టల్లో చిరుధాన్యాలు చల్లుతారు, వేసవిలో ఇప్పపువ్వు, తునికాకు ఏరుకుంటారు. ఇక్కడి పొలాల్లో ఏ వరి నిలుస్తుంది, ఏ పురుగు ఎప్పుడు వస్తుంది, కోత తరువాత ఖాళీగా పడి ఉండే నేలలో రెండో పంటకు అవకాశం ఉందా అన్న ప్రశ్నలకు సమాధానం వెదకవలసింది వ్యవసాయ పరిశోధకులు. ఇటువంటి ప్రాంతాలకు వచ్చే పరిశోధకులు సాధారణంగా ఉద్యోగంలో కొత్తగా చేరిన యువకులు. వారికి దారి చూపే అనుభవజ్ఞులు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటారు.

ఈ దూరాన్ని ఇంటర్నెట్ ద్వారా తగ్గించవచ్చునన్న ఆలోచన వర్ధమాన దేశాలలో దాదాపు రెండు దశాబ్దాలుగా ఆచరణలో ఉంది. అనుభవజ్ఞుడైన శాస్త్రజ్ఞుడు ఒకరు, కొత్తగా పరిశోధన ప్రారంభించిన వారొకరు జతగా ఏర్పడి, ఉత్తరాల ద్వారాను, దృశ్య సంభాషణల ద్వారాను నిర్ణీత కాలం పాటు కలిసి పని చేయడమే ఆన్‌లైన్ మార్గదర్శనం. ఆఫ్రికాలో, ఆసియాలో లభించిన అనుభవాలను, మన వరంగల్ జిల్లా పత్తి చేలలో 2004లో జరిగిన ఒక ప్రయోగాన్ని కలిపి పరిశీలిస్తే, ఈ పద్ధతి ఏ పరిస్థితుల్లో ఫలితమిస్తుందో, ఎక్కడ విఫలమవుతుందో చాలావరకు స్పష్టమవుతుంది.

స్థానిక పరిశోధన ఎందుకు?

రాయపూర్‌లోనో హైదరాబాద్‌లోనో రూపొందించిన వంగడాన్ని తెచ్చి బస్తర్‌లో నాటితే సరిపోదా అన్న సందేహం సహజమే. దీనికి ఉల్లికోడు మంచి సమాధానం. వరి పిలకను ఉల్లికాడ వంటి గొట్టంగా మార్చి కంకి రాకుండా చేసే ఈ ఈగలో మన దేశంలో ఏడు జీవరూపాలను శాస్త్రజ్ఞులు గుర్తించారు. శ్రీకాకుళం ప్రాంతంలో ఉన్నది ఒకటి, వరంగల్ ప్రాంతంలో ఉన్నది మరొకటి. ఒక చోట ఈ పురుగును తట్టుకునే రకం ఇంకొక చోట దానికి లొంగిపోవచ్చు. పొలానికి వెళ్లి, పిలకలు లెక్కించి, ఫలితాన్ని నమోదు చేసే మనిషి లేకుండా ఏ రకం ఎక్కడ పనికి వస్తుందో చెప్పడం సాధ్యం కాదు.

సాగు పద్ధతులలోనూ ఇటువంటి ప్రత్యేకతలు ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్ రైతులు వరి విత్తనం వెదజల్లి, మొక్కలు నెల రోజుల వయసుకు వచ్చి పొలంలో నీరు నిలిచిన తరువాత పైరులోనే నాగలి దున్నుతారు. దీనిని అక్కడ 'బియాసీ' అంటారు. కలుపు అణుగుతుంది, ఒత్తుగా ఉన్న పైరు పలచబడుతుంది. నారు పోసి నాట్లు వేసే డెల్టా రైతుకు ఇది విచిత్రంగా కనిపించవచ్చు. కాని కూలీలు, నీరు, పెట్టుబడి తక్కువగా ఉన్న చోట దీని వెనుక తర్కం ఉంది. వాన ఆలస్యమైతే బియాసీ ఆలస్యమవుతుంది, దానితో దిగుబడి పడిపోతుంది. పాఠ్యపుస్తకంలోని నాట్ల అధ్యాయం ఈ సమస్యకు పరిష్కారం చూపదు.

ఇక రెండో పంట సమస్య కేవలం శాస్త్రీయమైనది కాదు. దక్షిణ బస్తర్‌లో వర్షపాతం తక్కువ కాకపోయినా సాగునీటి వసతి అంతంతమాత్రం. వరి కోతలు పూర్తయితే పొలంలో పని ఉండదు. అందువల్ల ఏటా వేలాది మంది ఆదివాసీలు సరిహద్దు దాటి తెలంగాణలోని చర్ల, వెంకటాపురం ప్రాంతాల మిరప చేలకు కూలికి వస్తారు. బాసగూడ పక్కగా పారే తాలిపేరు నదే దిగువన చర్ల మండలంలో తాలిపేరు ప్రాజెక్టుగా తెలుగు రైతుల పొలాలకు నీరందిస్తున్నది. ఎగువన అదే ఏటి ఒడ్డు గ్రామాల వారు దిగువకు కూలీలుగా రావడం గమనార్హం. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ లాక్‌డౌన్ సమయంలో, ములుగు జిల్లా పేరూరు ప్రాంతపు మిరప తోటల నుంచి బిజాపూర్ జిల్లాలోని తన ఊరికి కాలినడకన బయలుదేరిన 12 ఏళ్ల బాలిక ఇల్లు చేరకుండానే మరణించింది. వర్షాధార నేలలో వరి తరువాత ఉలవలో, అలసందలో, మరొక తక్కువ నీటి పంటో నిలబెట్టగలిగితే ఈ వలస కొంతైనా తగ్గుతుంది. అది పరిశోధన ద్వారా తేలవలసిన విషయం.

ఒంటరి శాస్త్రజ్ఞుడు

జిల్లా స్థాయిలో ఈ బాధ్యత కృషి విజ్ఞాన కేంద్రాలది. 1974లో పుదుచ్చేరిలో మొదటి కేంద్రం ప్రారంభమయింది. ఇప్పుడు దేశంలో వీటి సంఖ్య 700 దాటింది. ఒక్కొక్క కేంద్రానికి మంజూరైన సిబ్బంది 16 మంది. వీరిలో అధిపతి ఒకరు, విషయ నిపుణులు ఆరుగురు. ఆరుగురిలో ఒకరు సస్య శాస్త్రం, ఒకరు సస్య రక్షణ, ఒకరు ఉద్యాన శాస్త్రం, ఇలా శాఖకు ఒక్కరు చొప్పున ఉంటారు. అంటే ఒక జిల్లాలో కీటక శాస్త్రం చదివిన విషయ నిపుణుడికి తన శాఖలో సందేహం వస్తే పక్క గదిలో అడగడానికి అదే శాఖవారు ఉండరు. బిజాపూర్ కేంద్రం రాయపూర్‌లోని ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం అధీనంలో ఉంది. బస్తర్‌కు పెద్ద దిక్కయిన శహీద్ గుండాధుర్ వ్యవసాయ కళాశాల, పరిశోధనా కేంద్రం జగదల్‌పూర్‌లో ఉన్నది. తర్రెం నుంచి అది రోడ్డు మార్గాన సుమారు 200 కిలోమీటర్లు.

కేంద్ర సర్వీసులో చేరే వారి పరిస్థితి ఇంతకంటె మెరుగు. 1975లో ఏర్పడిన వ్యవసాయ పరిశోధన సర్వీసుకు ఎంపికైన యువ శాస్త్రజ్ఞులందరూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ పరిశోధన యాజమాన్య అకాడమీలో ప్రాథమిక శిక్షణ పొందుతారు. 1976లో నెలకొల్పిన ఈ అకాడమీ వారిని కొన్నాళ్లు గ్రామాలకు కూడా పంపుతుంది. ఆ తరువాత ప్రతి ఒక్కరూ తమ శాఖలో పేరుపొందిన ఒక శాస్త్రజ్ఞుని వద్ద మూడు నెలలు గడపాలి. గురుముఖతః నేర్చుకునే పాత పద్ధతికి ఇది ఆధునిక రూపం. అయితే రాష్ట్ర విశ్వవిద్యాలయాలు నియమించే సహాయాచార్యులు, కృషి విజ్ఞాన కేంద్రాల విషయ నిపుణులు ఈ సర్వీసు పరిధిలోకి రారు. స్వల్పకాలిక శిక్షణలు వారికీ ఉన్నాయి కాని, సంవత్సరం పొడవునా వెన్నంటి ఉండే మార్గదర్శి దొరకడం వారి వారి అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది.

మార్గదర్శి లేని లోటు చిన్న చిన్న విషయాలలోనే మొదట బయటపడుతుంది. ప్రయోగ క్షేత్రాన్ని ఎన్ని మడులుగా విభజించాలి, ప్రతి పద్ధతినీ ఎన్నిసార్లు పునరావృతం చేయాలి, పోలిక కోసం వదిలిన మడిలో రైతు తన అలవాటు ప్రకారం ఎరువు వేస్తే ఆ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోవచ్చునా వంటి సందేహాలు విత్తనం వేయకముందే తీరాలి. పంట ఇంటికి వచ్చిన తరువాత గణాంక నిపుణుడు చేయగలిగింది ఏమీ ఉండదు. అప్పుడు ఆ ఏడాది శ్రమ, ఆ రైతు ఇచ్చిన నేల, రెండూ వృథా అవుతాయి. వర్షాధార ప్రాంతంలో మళ్లీ ప్రయత్నించాలంటే మరో ఖరీఫ్ దాకా వేచి ఉండవలసిందే.

ఆఫ్రికా అనుభవం

ఈ లోటును గుర్తించి వర్ధమాన దేశాల కోసం పలు పథకాలు వచ్చాయి. వీటిలో ఎక్కువగా చెప్పుకోదగినది నైరోబీ కేంద్రంగా 2008లో మొదలైన 'అవార్డ్'. ఆఫ్రికా వ్యవసాయ పరిశోధకులలో మహిళలు నలుగురికి ఒకరు, నాయకత్వ స్థానాల్లో ఏడుగురికి ఒకరు మాత్రమే ఉన్నారని ఆనాటి అధ్యయనంలో తేలింది. యువ శాస్త్రవేత్తలకు రెండేళ్ల ఫెలోషిప్ ఇచ్చి, ఒక్కొక్కరికి ఒక సీనియర్ శాస్త్రజ్ఞుని జత చేయడం ఈ పథకంలోని ప్రధానాంశం. ముందుగా ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి, రెండేళ్లలో సాధించవలసినదేమిటో కాగితం మీద రాయిస్తారు. ఫెలో తాను నేర్చుకున్నది మరొక జూనియర్‌కు నేర్పాలన్నది కూడా నిబంధన. ఆ విధంగా ఒక్కరికి చేసిన సాయం ఇద్దరికి అందుతుంది.

పూర్తిగా ఆన్‌లైన్‌లోనే నడిచేది 'ఆథర్ ఎయిడ్'. బ్రిటన్ కేంద్రంగా పని చేసే ఇనాస్ప్ సంస్థ 2007లో దీనిని ప్రారంభించింది. వ్యవసాయంతో సహా అన్ని శాస్త్రాల పరిశోధకులకూ ఇందులో ప్రవేశం ఉంది. పరిశోధన వ్యాసం రాయడంలో, నిధుల కోసం ప్రతిపాదన తయారు చేయడంలో సహాయం కోరేవారు, సహాయం చేయదలచినవారు పేర్లు నమోదు చేసుకుని, ఏ పని ఎంతకాలంలో పూర్తి కావాలో ముందే ఒప్పుకుని సాగుతారు. మార్గదర్శులు స్వచ్ఛందంగా పని చేస్తారు. వ్యవసాయ రంగంలోని యువ నిపుణుల కోసమే ఏర్పడిన 'వైపార్డ్' అనే అంతర్జాతీయ వేదిక కూడా మార్గదర్శనాన్ని తన కార్యక్రమాల్లో చేర్చింది.

ఈ పథకాల తీరును గమనిస్తే మూడు సూత్రాలు తేలుతాయి. మొదటిది, జత కుదర్చడంలో శ్రద్ధ. కీటక శాస్త్రజ్ఞునికి నేల రసాయన శాస్త్రజ్ఞుని జత చేస్తే మర్యాదపూర్వకమైన రెండు ఉత్తరాలతో బంధం ముగిసిపోతుంది. రెండవది, గడువుతో కూడిన ఒప్పందం. ఎప్పుడైనా అడగవచ్చు అని చెబితే సంకోచం వల్ల ఎవరూ అడగరు. మూడవది, కనీసం ఒకసారి ముఖాముఖి పరిచయం. తన అజ్ఞానాన్ని ముఖం తెలియని పెద్దమనిషి ముందు బయటపెట్టుకోవడానికి యువ పరిశోధకులు జంకుతారు. మన సమాజంలో పెద్దలను ప్రశ్నించడం అవిధేయతగా భావించే అలవాటు ఉన్నందున ఈ మూడవ సూత్రం మనకు మరింత అవసరం.

ఊరుగొండ నేర్పిన పాఠం

దూరాన ఉన్న నిపుణుడు పొలాన్ని చూడకుండా సలహా ఇవ్వగలడా అన్న ప్రశ్నకు తెలుగు నేల మీదే ఒక సమాధానం లభించింది. హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ, మీడియా ల్యాబ్ ఆసియా సంస్థతో కలిసి, 2004లో 'ఈ-సాగు' అనే ప్రయోగాన్ని ప్రారంభించింది. అప్పటి వరంగల్ జిల్లాలోని ఊరుగొండ, గూడెప్పాడ్, ఓగ్లాపూర్ గ్రామాలలో 1,051 పత్తి చేలను ఇందుకు ఎంపిక చేశారు. చదువుకున్న స్థానిక రైతులనే సమన్వయకర్తలుగా నియమించి వారికి డిజిటల్ కెమెరాలు ఇచ్చారు. వారు క్రమం తప్పకుండా ప్రతి చేనుకూ వెళ్లి ఫొటోలు తీసి, పైరు స్థితిని రాసి, ఆ సమాచారాన్ని సీడీలలోకి ఎక్కించి కొరియర్ ద్వారా హైదరాబాద్‌కు పంపేవారు. నిపుణులు ఆ చేను పూర్వ చరిత్రను కూడా చూసి తయారు చేసిన సలహా ఒకటి రెండు రోజులలో టెలిఫోన్ లైను మీద గ్రామంలోని కంప్యూటర్‌కు చేరేది.

ఈ ప్రయోగంలో రెండు అంశాలు గమనించదగినవి. గ్రామం నుంచి నగరానికి ఫొటోలు పంపగల ఇంటర్నెట్ వేగం ఆనాడు లేదు. అయినా కొరియర్ సంచీతోనే పని నడిచింది. అంటే సాంకేతిక లోపం పనిని ఆపలేదు. రెండవది, రైతు అడిగే వరకు ఆగకుండా, చేను చూసే బాధ్యత ఒక మనిషికి అప్పగించి, అతని పరిశీలనను నిపుణుడు క్రమం తప్పకుండా చదివేలా ఏర్పాటు చేశారు. ఆ సమన్వయకర్త వారం వారం నిపుణుల సమాధానాలు చదువుతూ తానే ఒక మేరకు నిపుణుడవుతాడు. ఇది రైతులకు సలహా అందించే పథకమే అయినా, మార్గదర్శన పద్ధతికి కావలసిన మూలసూత్రం ఇందులో ఉంది. పొలంలో ఒకరి కళ్లు, దూరాన మరొకరి అనుభవం, రెండింటి మధ్య తేదీలతో సహా భద్రపరచిన రాత: ఈ మూడూ కలిస్తే పని జరుగుతుంది.

సకాలంలో గుర్తింపు

కొత్త చీడ ప్రవేశించినప్పుడు ఈ అనుసంధానం విలువ రూపాయల్లో తెలుస్తుంది. అమెరికా ఖండాలకు చెందిన కత్తెర పురుగు 2016లో ఆఫ్రికాలో కనిపించి మొక్కజొన్నను ధ్వంసం చేసింది. 2018 మేలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతపు మొక్కజొన్న చేలలో అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయ కీటక శాస్త్రజ్ఞులు దానిని మొదటిసారిగా మన దేశంలో గుర్తించారు. ఆ ఏడాదే తెలుగు రాష్ట్రాలకూ అది విస్తరించింది. ఆఫ్రికా పరిశోధకులు అప్పటికే రెండేళ్లుగా ఆ పురుగుతో పోరాడి ఉన్నారు. వారి అనుభవం మనకు, మన అనుభవం తరువాత దెబ్బతిన్న ఇతర ఆసియా దేశాలకు ఉపయోగపడగలిగేది పరిశోధకుల మధ్య సంబంధాలు సజీవంగా ఉన్నప్పుడే.

2021-22లో తెలుగు రాష్ట్రాల మిరప రైతులను దెబ్బతీసిన నల్ల తామర పురుగు మరొక ఉదాహరణ. ఇది 2015లోనే బెంగళూరులో బొప్పాయి మీద నమోదైన కొత్త జాతి. మిరపపై ఉద్ధృతంగా విరుచుకుపడే సరికి, పాత తామర పురుగుకు కొట్టే మందులనే రైతులు మళ్లీ మళ్లీ కొట్టారు. ఖర్చు పెరిగింది కాని పంట దక్కలేదు. పువ్వులో దాగిన నల్లని చిన్న పురుగు పాతదా కొత్తదా అన్నది నిర్ధారించేందుకు సూక్ష్మదర్శినితో పాటు వర్గీకరణ శాస్త్రం తెలిసిన మనిషి కావాలి. అటువంటి వారు దేశంలో కొద్దిమందే. జిల్లాలోని యువ కీటక శాస్త్రజ్ఞుడికి వారితో ముందే పరిచయం ఉంటే, నమూనా ఎలా భద్రపరచాలో, ఏ కోణంలో ఫొటో తీయాలో తెలిసి ఉంటే, వారాల ఆలస్యం రోజులకు తగ్గుతుంది. చర్ల ప్రాంతంలో మిరప పోతే నష్టపోయేది అక్కడి రైతు ఒక్కడే కాదు. కోత కూలి మీద ఆశ పెట్టుకున్న బస్తర్ కుటుంబానికీ ఆ ఏడాది ఆదాయం ఉండదు.

విత్తనం ఎవరిది? వ్యాసంలో పేరు ఎవరిది?

మార్గదర్శనంలో ప్రమాదాలు కూడా లేకపోలేదు. యువ పరిశోధకుడు తన సమాచారాన్నంతా దూరదేశపు నిపుణునికి పంపిన తరువాత, ప్రచురణలో తన పేరు చివరికి నెట్టబడటం, లేదా అసలే లేకపోవడం జరిగే అవకాశం ఉంది. వ్యవసాయంలో దీనికి తోడు విత్తనంపై హక్కు సమస్య కూడా ఉన్నది.

ఛత్తీస్‌గఢ్‌కు ఇది అనుభవంలోని విషయమే. కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు ఒకప్పుడు డైరెక్టర్‌గా ఉన్న ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు ఆర్.హెచ్. రిఛారియా, 1970లలో రాయపూర్ కేంద్రంగా పని చేస్తూ బస్తర్‌తో సహా ఆ ప్రాంతమంతటి నుంచి వేలాది దేశవాళీ వరి రకాలను సేకరించారు. ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయంలో ఇప్పుడు భద్రపరచిన 23 వేలకు పైగా వరి నమూనాలకు ఆ సేకరణే పునాది. ఈ సంపద ఆధారంగా సంయుక్త పరిశోధన జరిపేందుకు బహుళజాతి సంస్థ సింజెంటాతో విశ్వవిద్యాలయం జరిపిన సంప్రదింపులు 2002లో బయటపడటంతో రైతు సంఘాలు, ప్రజా సంస్థలు తీవ్రంగా నిరసించాయి. ఆ ఏడాది డిసెంబరులో కంపెనీ వెనక్కు తగ్గింది. మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 2001లో, జీవ వైవిధ్య చట్టం 2002లో వచ్చాయి. ఆన్‌లైన్‌లో విత్తనం కదలకపోయినా, దాని లక్షణాల వివరాలు, జన్యు సమాచారం క్షణాల్లో సరిహద్దులు దాటుతాయి. కనుక ఏ సమాచారం పంచుకోవచ్చు, ఏది అనుమతి లేకుండా పంచుకోరాదు అన్నది జత కుదిరిన మొదటి రోజే చెప్పవలసి ఉంటుంది.

మార్గదర్శి లేకపోవడం వల్ల కలిగే నష్టం ఇంతకంటె తక్కువేమీ కాదు. పదోన్నతికి ప్రచురణలు తప్పనిసరి కావడంతో, డబ్బు తీసుకుని సరైన సమీక్ష లేకుండా వ్యాసాలు అచ్చువేసే పత్రికలకు వర్ధమాన దేశాల యువ పరిశోధకులు చిక్కుతున్నారు. హైదరాబాద్ కేంద్రంగా వందలాది పత్రికలు నడిపిన ఓమిక్స్ సంస్థ తప్పుడు ప్రచారంతో పరిశోధకులను మోసగించిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో వ్యాజ్యం వేసింది. 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2019లో అక్కడి న్యాయస్థానం ఆదేశించింది. ఏ పత్రికకు వ్యాసం పంపాలో చెప్పే అనుభవజ్ఞుడు ఒక్కరు ఉన్నా అనేకమంది ఈ ఉచ్చులో పడకుండా ఉండేవారు.

ఖర్చు ఎంత? లాభం ఎంత?

వ్యవసాయ పరిశోధనపై పెట్టే ప్రతి రూపాయికీ 13.85 రూపాయల ప్రతిఫలం వస్తోందని 2023-24 ఆర్థిక సర్వే పేర్కొంది. 2022-23లో ఈ రంగంపై చేసిన వ్యయం 19.65 వేల కోట్ల రూపాయలని అదే సర్వే తెలిపింది. అయితే ఈ ప్రతిఫలం దేశం మొత్తానికి చెందిన సగటు. నీటి వసతి ఉన్న ప్రాంతాలకు, వర్షాధార కొండ ప్రాంతాలకు మధ్య ఉన్న తేడా ఈ సగటులో కనిపించదు. మార్గదర్శనానికి కొత్త భవనాలు, ప్రయోగశాలలు అవసరం లేదు. ఇప్పటికే జీతం చెల్లిస్తున్న యువ శాస్త్రజ్ఞుని పని ఫలవంతం కావడానికి, ఇప్పటికే జీతం చెల్లిస్తున్న సీనియర్ శాస్త్రజ్ఞుని సమయంలో కొంత భాగం కేటాయించడమే ఇందులోని ప్రధాన వ్యయం.

మౌలిక వసతులూ క్రమంగా సమకూరుతున్నాయి. మొబైల్ సౌకర్యం లేని 24,680 గ్రామాలకు 4జి సేవలు అందించేందుకు 26,316 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2022 జులైలో ఆమోదించింది. భారత వ్యవసాయ పరిశోధన మండలి 2007లోనే తన సంస్థలకు, వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు పరిశోధన పత్రికలను కంప్యూటర్ ద్వారా అందించే ఏర్పాటు చేసింది. 2025 జనవరి 1న 'ఒకే దేశం, ఒకే చందా' పథకం అమలులోకి వచ్చి, ప్రభుత్వ ఉన్నత విద్యా, పరిశోధన సంస్థలకు సుమారు 13 వేల అంతర్జాతీయ పత్రికలను అందుబాటులోకి తెచ్చింది. దీనికి మూడేళ్లకు కేటాయించిన మొత్తం 6,000 కోట్ల రూపాయలు. పత్రికలు అందుబాటులోకి వచ్చినంత మాత్రాన ఏది చదవాలో, చదివినదాన్ని బియాసీ పొలానికి ఎలా అన్వయించాలో తెలియదు. ఆ వివేకాన్ని మనిషి మనిషికి అందించవలసిందే.

హైదరాబాద్ చేయగలిగింది

ఈ విషయంలో హైదరాబాద్‌కు ప్రత్యేక బాధ్యత ఉంది. అఖిల భారత సమన్వయ వరి పరిశోధన పథకం 1965లో మొదలైన నాటి నుంచి రాజేంద్రనగర్ కేంద్రంగానే నడుస్తోంది. దేశంలోని పరీక్షా కేంద్రాల్లో జగదల్‌పూర్ కూడా ఒకటి. అక్కడ వేసిన ప్రయోగాల ఫలితాలు ఏటా హైదరాబాద్‌కు చేరుతున్నాయి. భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ కూడా ఇక్కడే ఉంది. బస్తర్ మెట్టల పంటలైన కొర్ర, సామ, అరికెల మీద జగదల్‌పూర్ శాస్త్రజ్ఞులు దీర్ఘకాలంగా పని చేస్తున్నారు. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్‌కు ఆఫ్రికాలోని మెట్ట వ్యవసాయ పరిశోధకులతో ఐదు దశాబ్దాల పరిచయం ఉంది. ప్రయోగాల లెక్కలు జిల్లాల నుంచి రాజధానికి వెళ్లే దారి ఇప్పటికే ఉంది. అదే దారిన సలహా తిరిగి జిల్లాలకు వచ్చేలా చూడడమే మిగిలిన పని.

భాష విషయంలోనూ తెలుగు శాస్త్రజ్ఞులకు అనుకూలత ఉంది. దక్షిణ బస్తర్‌లోని కోంట, భోపాలపట్నం ప్రాంతాలలో తెలుగు వాడుకలో ఉంది. అక్కడి దోర్లా ఆదివాసీల మాటలో తెలుగు ఛాయలు స్పష్టంగా కనిపిస్తాయి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అశ్వారావుపేటలోని వ్యవసాయ కళాశాల, అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలోని ప్రాంతీయ పరిశోధనా స్థానం గిరిజన ప్రాంతాల పంటలతో పరిచయం ఉన్నవి. రాష్ట్ర సరిహద్దు పరిపాలనకు సంబంధించినది, పురుగుకూ వానకూ అది వర్తించదు. బిజాపూర్‌లోని యువ పరిశోధకుడికి సరైన మార్గదర్శి తన రాష్ట్ర రాజధానిలో కంటె సరిహద్దుకు ఇవతల దొరికే అవకాశం కూడా ఉన్నది.

అయితే స్వచ్ఛంద సేవ మీదనే ఈ వ్యవస్థ నిలబడాలని ఆశించడం న్యాయం కాదు. సీనియర్ శాస్త్రజ్ఞుని పనితీరును లెక్కగట్టేటప్పుడు ఆయన రాసిన వ్యాసాలను, విడుదల చేసిన రకాలను లెక్కిస్తారు కాని, ఎంతమందిని తీర్చిదిద్దారన్నది అంతగా లెక్కలోకి రాదు. ఏడాదికి ఇద్దరు యువ పరిశోధకులకు మార్గదర్శనం చేయడాన్ని విధిగా గుర్తించి, దానికి పదోన్నతి లెక్కల్లో విలువ ఇవ్వాలి. ఏడాదికి ఒకసారి మార్గదర్శి స్వయంగా యువ పరిశోధకుని ప్రయోగ క్షేత్రానికి వెళ్లేందుకు ప్రయాణ భత్యం మంజూరు చేయాలి. ఫొటోలో ఆకు రంగు కనిపిస్తుంది గాని కాలి కింద నేల తేమ తెలియదు. ఒప్పందం రాతలో ఉండాలి. రైతు పొలంలో సేకరించిన ఫలితం ఆ రైతుకు అతని భాషలో తిరిగి చెప్పాలన్నది అందులో ఒక షరతుగా ఉండాలి. ఈ చివరి షరతుకు ఖర్చు ఏమీ లేదు కాని, అమలులో మొదట మరచిపోయేది ఇదే.

ఆన్‌లైన్ మార్గదర్శనం తర్రెం పొలానికి పరిశోధకుని రప్పించలేదు. ఆ పని ప్రభుత్వాలది. నియామకాలు జరగాలి, ఖాళీలు నిండాలి, పరిశోధకుడు భయం లేకుండా పొలం గట్టు మీద నడవగల పరిస్థితి ఉండాలి, గ్రామస్థులకు అతని మీద నమ్మకం కలగాలి. కాని అటువంటి మనిషి వచ్చిన రోజున, రెండేళ్లకే విసిగి బదిలీ కోరుకోకుండా నిలదొక్కుకునేలా చేయడం ఈ పద్ధతికి సాధ్యం. బియాసీ ఆలస్యమైన పొలంలో ఏం చేయాలని రైతు అడిగినప్పుడు, రాయపూర్‌లోనో రాజేంద్రనగర్‌లోనో ఉన్న పెద్దను అదే సాయంత్రం సంప్రదించి మరుసటి ఉదయం సమాధానం చెప్పగలిగితే, అతనికి ఆ ఊరిలో గౌరవం నిలుస్తుంది. ఆ సమాధానం ఆ రైతు పొలంలో ఫలిస్తే, వచ్చే మాఘంలో మిరప కోతకు సరిహద్దు దాటవలసిన వారి సంఖ్యలో ఒకటి రెండు కుటుంబాలైనా తగ్గుతాయి.